గ్రిడ్ వేసే ముందు: టాక్ కోట్ నల్లబడే దాకా ఆగండి

పోయిన వారం గాజువాక వైపు వెళ్తుంటే నా ముందున్న స్కూటీ జారి పడింది. నడుపుతున్న అమ్మాయికి మోకాలు, మోచేయి చెక్కుకుపోయాయి. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పడిన చోటుకు వెళ్లి చూశాను. వేసి ఏడాది కూడా కాని తారు పొర చాప లేచినట్టు లేచి ఉంది. దాని కింద నుంచి గాజు గ్రిడ్ (పగుళ్లు పైకి రాకుండా తారు పొర కింద పరిచే వల) పోగులు బయటికి వచ్చాయి. స్కూటీ ముందు చక్రం ఆ అంచుకే తగిలింది. లేచిన ముక్కను పట్టుకుని లాగితే అప్పడంలా ఊడి వచ్చింది. తిప్పి చూస్తే అడుగున తారు నలుపే లేదు, బూడిద రంగు దుమ్ము ఉంది.

ఆ రోడ్డు ఎవరు వేశారో రాయను. పద్దెనిమిదేళ్లుగా రోడ్డు పనుల్లో ఉన్నాను కాబట్టి ఆ దుమ్ము చూడగానే ఏం జరిగిందో అర్థమైంది: టాక్ కోట్, అంటే పాత రోడ్డుకు కొత్త పొరను అతికించే తారు జిగురు, అతుక్కోలేదు. ఇప్పుడు మే నెల. వానలు పడేలోపు, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు సింహాచలం కొండ చుట్టూ లక్షలమంది చెప్పుల్లేకుండా నడిచేలోపు పనులు పూర్తి చేయాలని ఊరంతా హడావుడిగా ఉంది. ఈ హడావుడిలోనే ఆ తప్పు జరుగుతుంది. అందుకే సైట్ ఇంజనీర్లకు, చిన్న కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు ఇది రాస్తున్నాను. ట్రాఫిక్ కోన్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు మీకు తెలిసినవే కాబట్టి వాటి గురించి చెప్పను.

గ్రిడ్ చేసేది, చేయనిది

పాత పగులు మీద కొత్త పొర వేసి మూసేస్తాం. లోడు లారీ వెళ్లిన ప్రతిసారీ కింద ఆ పగులు అంచులు కదులుతూనే ఉంటాయి. ఆ కదలికకు కొత్త పొర అడుగు సాగుతుంది, చీలిక పుడుతుంది, పైకి పాకుతుంది. ఏడాదికి సుమారు 25 మిల్లీమీటర్లు పాకుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 40 మిల్లీమీటర్ల ఓవర్‌లే (పైన వేసే కొత్త పొర) మీద పాత పగులు రెండేళ్లలోపే కనబడుతుంది. చలి దేశాల్లో ఉష్ణోగ్రత మార్పులు పగుళ్లను బాగా లాగుతాయి. సముద్రం పక్కనున్న మన విశాఖలో పగటికీ రాత్రికీ తేడా తక్కువ. ఇక్కడ అసలు బాధ పోర్టు లారీల బరువు, పగుళ్లలోకి దిగే నీళ్లు, డ్రైనేజీ పైపులకు, కేబుళ్లకు తవ్వి పూడ్చిన గోతుల అంచులు, రోడ్డు వెడల్పు చేసినప్పటి అతుకులు.

గాజు పోగుల గ్రిడ్‌ గానీ పాలిస్టర్ గ్రిడ్‌ గానీ ఆ సాగుదలను తన మీదకు తీసుకుని పక్కలకు పంచుతుంది. పగులు రావడం ఆలస్యమవుతుంది, అంతే. అయితే అది పని చేయాలంటే కింద పాత రోడ్డుకూ పైన కొత్త పొరకూ గట్టిగా అతుక్కుని ఉండాలి. అతుక్కోకపోతే బస్సు బ్రేకు వేసిన ప్రతిసారీ పై పొర పేకముక్కలా జరుగుతుంది. సరిగా అతకని గ్రిడ్ కంటే గ్రిడ్ లేకపోవడమే మేలు.

పని మొదలుపెట్టే ముందు

వాన వెలిసిన మర్నాడు పొద్దున రోడ్డు మీద నడవండి. చుట్టూ ఆరిపోయి పగులు మాత్రం తడిగా ఉండి, లారీ ఎక్కగానే బురదనీళ్లు చిమ్మితే బేస్ (కింది పునాది పొర) పోయినట్టే. అక్కడ తవ్వి కింద నుంచి బాగు చేయాలి. ఎంత ఖరీదైన గ్రిడ్ వేసినా ఆ చోటు నిలవదు. లోడు లారీని పగులు మీదుగా మెల్లగా నడిపించి, వంగి అంచులు చూడండి. ఒక అంచు దిగి రెండోది అలాగే ఉంటే అది కిందకీ పైకీ ఊగే పగులు. దానికి గ్రిడ్ మందు కాదు. పెద్ద రోడ్లకైతే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 115 ప్రకారం ఎఫ్‌డబ్ల్యూడీ పరీక్ష (బరువు పడేసి రోడ్డు ఎంత వంగుతుందో కొలిచేది) చేయించండి.

3 మిల్లీమీటర్లు దాటిన పగుళ్లను కంప్రెసర్ గాలితో ఊది, సీలెంట్‌తో నింపండి.

మిల్లింగ్ (యంత్రంతో పాత పొర గీకడం) చేసిన గీతల మీద నేరుగా గ్రిడ్ వేయకండి. గీత గీతకీ మధ్య అది గాల్లో వేలాడుతుంది. ముందు పలుచగా లెవలింగ్ కోర్సు (సమం చేసే పొర) వేయండి. గ్రిడ్ మీద పొర, రోలింగ్ అయ్యాక, 40 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

బిల్లు మీద గ్రిడ్ దేనితో చేశారో చదవండి. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వీజీ-40 రకం తారుతో చేసిన మాల్ (వేడి తారు, కంకర మిశ్రమం) ప్లాంటు నుంచి బయల్దేరేదే 160 నుంచి 170 డిగ్రీల్లో. గాజుకు, పాలిస్టర్‌కు ఈ భయం లేదు.

అసలు తప్పు

టాక్ కోట్ ఎమల్షన్ కొట్టినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది. అందులో సుమారు 60 శాతం తారు, మిగిలింది నీళ్లు. నీళ్లు విడిపోయి ఎగిరిపోయాక తారు చుక్కలు ఒకదానికొకటి కలిసి నల్లగా, జిగటగా మారతాయి. ఆ నలుపు వచ్చాకే అది జిగురు. గోధుమ రంగులో ఉన్నంతసేపూ అది తారు కలిసిన నీళ్లే.

ట్రాఫిక్ వల్ల మన పనులన్నీ రాత్రిపూట. మే నెల రాత్రి సముద్రం గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మన చెమటే ఆరని గాలిలో ఎమల్షన్ నీళ్లు మాత్రం ఎంత త్వరగా ఆరతాయి? పగలు అరగంటలో నల్లబడేది రాత్రి గంట దాటినా అలాగే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, రెండు గంటల వేళ, నా కళ్లముందే ఇది జరిగింది. మూడు టిప్పర్ల మాల్ వచ్చి నిలబడింది, చల్లారుతోంది. ఎమల్షన్ ఇంకా గోధుమ రంగులోనే ఉంది. మేస్త్రీ వచ్చి, "ఏటవ్వదు సార్, పైన వేడి మాల్ పడతాది కదా, అదే ఆరిపోద్ది" అన్నాడు. కాంట్రాక్టర్ నా వైపు చూశాడు. నేను ఆపలేదు. ఆ తప్పు నాది కూడా. 140 డిగ్రీల మాల్ కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై పొరను పైకి తోస్తాయని, ఒకసారి తప్పిన అతుకు తర్వాత ఎన్ని రోలర్లు తిప్పినా రాదని తెలిసీ ఊరుకున్నాను. అక్టోబర్ వానలకు సిగ్నల్ ముందు, బస్సులు బ్రేకు వేసే చోట, పొర పలకలు పలకలుగా లేచిపోయింది. గ్యారంటీ గడువు ఇంకా ఉంది కాబట్టి కాంట్రాక్టర్ మొత్తం గీకించి సొంత డబ్బుతో మళ్లీ వేశాడు. తన సొంత టిప్పర్లు రెండింటిలో ఒకటి అమ్ముకున్నాడు. ఆ తర్వాత రోడ్డు పనులు మానేశాడు.

నల్లబడే దాకా ఆగండి. వేలితో ముట్టుకుంటే గోధుమ రంగు నీరు అంటకూడదు, జిగురు లాగాలి.

ఇదే తప్పుకు ఇంకో రెండు రూపాలున్నాయి. ఒకటి దుమ్ము. పోర్టు చుట్టుపక్కల రోడ్ల మీద బొగ్గు పొడి, ఖనిజం పొడి ఊడ్చిన గంటకే మళ్లీ పేరుకుంటుంది. దాని మీద టాక్ కోట్ కొడితే తారు దుమ్ముకు అతుక్కుంటుంది, రోడ్డుకు కాదు. ఆ స్కూటీ పడిన చోట నేను చూసింది అదే. ఊడ్చి, కంప్రెసర్‌తో ఊది, ఆ వెంటనే కొట్టాలి. సాయంత్రం ఊడ్చి అర్ధరాత్రి కొడితే ఊడ్చినట్టు కాదు.

రెండోది టైర్లు. పచ్చి టాక్ కోట్ మీద టిప్పర్ వెళ్తే చక్రాలు జిగురును ఎత్తుకుపోతాయి. రేపు లారీల బరువు పడేది కూడా దాదాపు ఆ చక్రాల జాడల్లోనే. జిగురు ఎక్కువ కావాల్సిన చోటే లేకుండా పోతుంది.

కొలత గురించి ఒక మాట. మామూలు ఓవర్‌లేకు చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలోల ఎమల్షన్ అలవాటు. గ్రిడ్‌కు, ముఖ్యంగా పేవింగ్ ఫ్యాబ్రిక్‌కు (గ్రిడ్ లాగే పొర కింద పరిచే గుడ్డకు) అది చాలదు. ఫ్యాబ్రిక్ తానే తారు తాగుతుంది, చదరపు మీటరుకు సుమారు కిలో తారు కావాలి. ఎమల్షన్‌తో లెక్క వేస్తే అందులోని నీళ్లు తీసేసి లెక్కపెట్టండి. ఫ్యాబ్రిక్‌కు వేడి వీజీ-10 తారే నయం, ఆరడానికి నీళ్లే ఉండవు. గ్రిడ్ కంపెనీ ఇచ్చిన కాగితంలో ఏ అంకె ఉంటే అది పాటించండి. డబ్బాకు చిల్లులు పొడిచి చల్లే పద్ధతి మానేయండి.

ఇక సైట్‌లో:

గ్రిడ్‌ను బిగుతుగా లాగి పరవండి. ముడత వస్తే కోసి, ఒకదాని మీద ఒకటి పడేలా సర్దండి. తొక్కి సరిపెట్టకండి.

రోల్ చివర్లు 100 నుంచి 150 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి. ముందు పరిచిన రోల్ చివర పైన ఉండాలి, కొత్త రోల్ మొదలు కింద ఉండాలి. తిరగేస్తే పేవర్ (మాల్ పరిచే యంత్రం) చక్రం అంచును లేపుతుంది.

పరిచాక చేత్తో లాగి చూడండి. లేచి వస్తే పేవర్‌ను కదలనివ్వకండి.

ఖాళీ గ్రిడ్ మీద వైబ్రేషన్ రోలర్ వద్దు.

గ్రిడ్ మీద టిప్పర్ మలుపు తిరగకూడదు. గట్టిగా బ్రేకు వేయకూడదు. తిన్నగా వెనక్కి రావాలి, తిన్నగా పోవాలి.

టిప్పర్ డబ్బాకు డీజిల్ పూయకండి. కారిన డీజిల్ టాక్ కోట్‌ను కరిగిస్తుంది.

ఆ షిఫ్టులో కప్పగలిగినంత గ్రిడ్ మాత్రమే పరవండి. పరిచిన గ్రిడ్‌ను తెల్లారి ట్రాఫిక్‌కు వదలకండి.

సాయంత్రం ఈదురుగాలి లేచిందా, పడమర మబ్బు పట్టిందా, రోల్ విప్పకండి.

పరిచాక వాన పడితే పూర్తిగా ఆరనివ్వండి. బురద చేరితే ఆ ముక్క కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టండి.

గాజు గ్రిడ్ ముట్టుకునే వాళ్లకు గ్లవుజులు, పూర్తి చేతుల చొక్కా ఇవ్వండి. పోగులు చర్మంలో గుచ్చుకుంటాయి.

మ్యాన్‌హోల్ మూత చుట్టూ గ్రిడ్ కోసేయండి.

వీజీ-30 మాల్ పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు. 90కి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. థర్మామీటర్ సూపర్‌వైజర్ జేబులో ఉండాలి.

కొన్ని రోజులయ్యాక కోర్ (రోడ్డును గుండ్రంగా కోసి తీసే నమూనా ముక్క) తీయండి. గ్రిడ్ దగ్గర రెండు ముక్కలుగా విడిపోయి వస్తే అక్కడ అతకలేదు. బిల్లు పెట్టే ముందే తీయండి.

ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత లోతులో గ్రిడ్ ఉందో రిజిస్టర్‌లో రాయండి. రేపు గొయ్యి తవ్వేవాళ్లకు, మిల్లింగ్ చేసేవాళ్లకు అది తెలియాలి. ఫ్యాబ్రిక్ మిల్లింగ్ డ్రమ్ముకు చుట్టుకుంటుంది.

నల్లబడే దాకా ఆగండి.

ఆగలేకపోవడానికి కారణం చల్లారుతున్న టిప్పర్లే కాబట్టి, వాటిని ముందు బయల్దేరనివ్వకండి. నల్లబడిన టాక్ కోట్ ఫోటో వాట్సాప్‌లో వచ్చాకే మొదటి టిప్పర్‌ను వదలమని ప్లాంటు వాళ్లతో పని మొదలయ్యే రోజే మాట్లాడుకోండి. పొరపాటున ఒక బండి ముందే వచ్చేస్తే ఆ మాల్‌ను గ్రిడ్ లేని చోట, ముందే సిద్ధం చేసి పెట్టుకున్న గోతుల్లో పోయించండి. అదీ కుదరకపోతే వెనక్కి పంపండి, ఆ ఒక్క బండి డబ్బు పోనివ్వండి.