బోల్డ్ చేస్తే హెడ్డింగ్ అయిపోదండీ
వెబ్ పేజీలు రాసేవాళ్లకి ఒక్క మాట. సబ్‌హెడ్డింగ్ కావాలంటే చాలామంది ఆ లైన్ సెలెక్ట్ చేసి బోల్డ్ కొట్టి సైజు పెంచేసి వదిలేస్తారు, కంటికి హెడ్డింగ్ లాగే ఉంటుంది గానీ స్క్రీన్ రీడర్‌కి, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది మామూలు పేరానే. చూపు లేనివాళ్లు చాలామంది పేజీ అంతా మొదట్నుంచి వినరు, ఎన్‌వీడీఏ, జాస్ లాంటి స్క్రీన్ రీడర్లలో హెచ్ కీ నొక్కుతూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకోదానికి వెళ్లిపోతారు, 2 నొక్కితే హెచ్2లు, అంటే రెండో లెవెల్ హెడ్డింగులు మాత్రమే వస్తాయి, ఇది హెడ్డింగ్ అని చెప్పే కోడ్ గుర్తు, అంటే ట్యాగ్, మనం అసలు పెట్టకపోతే ఇక్కడ హెడ్డింగులేం లేవని చెప్పేస్తుంది, ఇక పాపం ఒక్కో లైనూ వింటూ పోవాల్సిందే.

పేజీ టైటిల్‌కి హెచ్1, పెద్ద భాగాలకి హెచ్2, వాటి లోపలివాటికి హెచ్3 పెట్టండి. హెచ్2 అక్షరాలు మరీ పెద్దగా ఉన్నాయని హెచ్4కి దూకేయొద్దు ప్లీజ్, మధ్యలో ఏదో మిస్సయ్యామేమో అని వినేవాళ్లు వెతుక్కుంటారు, సైజు నచ్చకపోతే పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్‌ఎస్‌లో మార్చుకోవచ్చు. కోడింగ్ రాకపోయినా పర్లేదు, వర్డ్‌ప్రెస్‌లో హెడ్డింగ్ బ్లాక్ ఉంటుంది, లెవెల్ ఎంచుకుంటే చాలు.

ఎన్‌వీడీఏ ఫ్రీనే కదా, ఇన్‌స్టాల్ చేసి మీ పేజీలో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కి హెడ్డింగ్స్ ఎంచుకోండి, లిస్ట్ ఖాళీగా వస్తే ఆ పేజీని వెంటనే సరిచేయండి.