పాత అవుట్‌బోర్డ్ ఇంజనుకు కిల్ స్విచ్ మార్చుకోవడం ఎలా?

బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజనుని ఆపే కిల్ స్విచ్ అంటే ఇంతే: ఎర్ర బటన్, దాని కింద ఇరుక్కుని ఉండే ప్లాస్టిక్ క్లిప్పు, ఆ క్లిప్పుకి కట్టిన చుట్టల తాడు. తాడు రెండో కొస నడిపే మనిషికి తగిలించి ఉంటుంది. నడిపే మనిషి నీళ్లలో పడితే తాడు క్లిప్పుని లాగేస్తుంది, స్ప్రింగు బటన్‌ని లోపలికి తోస్తుంది, ఇంజను ఆగుతుంది. ఆగకపోతే మాత్రం, పట్టుకునేవాళ్లు లేని హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోతుంది. బోటు గిరగిరా తిరుగుతూ పడిన మనిషి మీదికే వస్తుంది, ప్రొపెల్లర్‌తో సహా.

పాత ఇంజన్లలో ఈ స్విచ్ పాడైన సంగతి చాలాసార్లు బయటికి కనపడదు. మాగ్నెటో, సీడీఐ ఇంజన్లలో (అంటే స్పార్క్‌కి కావాల్సిన కరెంటుని ఇంజనే తిరుగుతూ తయారుచేసుకునే రకాల్లో) స్విచ్ చేసే పని స్టాప్ వైరుని ఎర్త్‌కి కలిపి స్పార్క్ ఆపేయడమే. ఆ వైరు తెగినా, ఊడినా ఇంజను చక్కగా నడుస్తూనే ఉంటుంది. ఇంజను స్టార్ట్ కానప్పుడు "ఆ వైరు పీకెయ్, అదే లేస్తుంది" అని సలహా ఇస్తారు. లేస్తుంది నిజమే. కానీ లోపం వెతకడానికి ఒక్క నిమిషం పీకి చూడటం వేరు, అలాగే వదిలేసి వేటకు వెళ్లడం వేరు. రెండోది దయచేసి చేయకండి.

హ్యాండిల్‌తో నడిపే పాత యమహా టూ స్ట్రోక్ ఇంజను ఉందనుకుందాం. స్టాప్ వైరు తెలుపు, ఎర్త్ వైరు నలుపు. పాత మెర్క్యురీ, జాన్సన్ ఇంజన్లలో స్టాప్ వైరు నలుపు మీద పసుపు గీతతో ఉంటుంది, తోహత్సులో గోధుమ రంగు. అయితే ఇన్నేళ్లలో ఎవరో ఒకరు రిపేరు చేసే ఉంటారు కాబట్టి రంగునే నమ్మకుండా వైరు వెంటే వెళ్లి చూడండి.

ముందు స్పార్క్ ప్లగ్గుల క్యాపులు తీసేయండి. బ్యాటరీ ఉంటే నెగటివ్ వైరు విప్పండి. ఇంజను తిరుగుతున్నప్పుడు స్టాప్ వైరులో వంద వోల్టులకు పైగా ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది, మీటరు కూడా పాడవుతుంది. పై మూత తీశాక వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

తెలుపు, నలుపు వైర్ల బుల్లెట్ కనెక్టర్లు (ఒకదాంట్లో ఒకటి దూరే గుండ్రటి జాయింట్లు) ఊడదీసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి స్విచ్ వైపున్న రెండు కొసలకు తాకించండి. క్లిప్పు ఉన్నప్పుడు బీప్ రాకూడదు. క్లిప్పు లాగితే రావాలి. క్లిప్పు ఉంచి బటన్ నొక్కినా రావాలి. ఇలా జరగకపోతే స్విచ్ పోయినట్టే. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఇంజను ఆగడం లేదంటే కనెక్టర్ లోపలికి చూడండి. ఉప్పుగాలికి ఇత్తడి మీద పచ్చటి చిలుము పేరుకుని ఉంటుంది, గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. అప్పుడు మార్చాల్సింది ఆ కనెక్టర్‌నే.

కొత్త స్విచ్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. క్లిప్పు ఆకారం కంపెనీకో రకం, అందుకే స్విచ్, క్లిప్పు కలిపే కొనాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: బ్యాటరీ ఇగ్నిషన్ ఉన్న కొన్ని ఇంజన్లకు క్లిప్పు లాగితే సర్క్యూట్ తెగే రకం కావాలి, అంటే మనదానికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. బయటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు, షాపులోనే మీటరు పెట్టి చూసుకోండి.

పాత స్విచ్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్టు ఉప్పుకి బిగుసుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి, కాసేపాగి విప్పితే విరగదు. రంధ్రం తుడిచి, కొత్త స్విచ్‌ని రబ్బరు వాషర్‌తో సహా పెట్టి చేత్తో బిగించండి, ఆపైన ఇంకొంచెం చాలు. వైర్లు పాత దారిలోనే వెళ్లాలి, ఫ్లైవీల్‌కి, గేరు రాడ్లకి తగలకూడదు. కొసలు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. కనెక్టర్‌ని వైరు మీద ప్లయర్‌తో నొక్కి బిగించి (క్రింప్ చేసి), పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు గీకి, లోహం మెరిశాక బిగించి గ్రీజు రాయండి.

మీటరుతో ఇంకోసారి చూసి, ప్లగ్గుల క్యాపులు, బ్యాటరీ వైరు పెట్టేయండి. ఇంజను కాలు నీళ్లలో ఉంచే స్టార్ట్ చేయాలి, లేకపోతే వాటర్ పంపు కాలిపోతుంది. న్యూట్రల్‌లో ఉంచి క్లిప్పు తాడు లాగండి, ఇంజను వెంటనే ఆగాలి. మళ్లీ స్టార్ట్ చేసి బటన్ నొక్కండి. తర్వాత ఇంజనుని పూర్తిగా ఎడమకి, కుడికి తిప్పి రెండు చోట్లా తాడు లాగి చూడండి, వైరు ఎక్కడైనా పట్టేస్తుంటే ఇక్కడే బయటపడుతుంది. ఎప్పుడైనా ఆగకపోతే కంగారు వద్దు, చోక్ పూర్తిగా లాగితే ఆగుతుంది.

అమెరికాలో చేపల వేటకు బోటు వాడే మనవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. కిల్ స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు బోటుని వేగంగా నడిపేటప్పుడు ఆ తాడు తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి.

కొత్త స్విచ్‌తో పాటు విడిగా ఇంకో క్లిప్పు కొని బోటులోనే కట్టి ఉంచండి. నడిపే మనిషి తాడుతో సహా నీళ్లలో పడితే, బోటులో మిగిలినవాళ్లు ఇంజను స్టార్ట్ చేసి అతని దగ్గరికి వెళ్లాలంటే ఆ రెండో క్లిప్పే కావాలి.