పీచు పెంచితే తిన్నది ఎంత త్వరగా బయటికొస్తుంది? ఇంట్లో కొలిచే పద్ధతి

"పీచు తిన్నాను, మర్నాడే కడుపు ఫ్రీ అయింది" అని చాలామంది చెబుతుంటారు. అంతకుముందు ఎన్ని గంటలు పట్టేదని అడిగితే మాత్రం జవాబుండదు. పాత లెక్క లేనప్పుడు కొత్త లెక్క దేనికీ పనికిరాదు. నేను దీన్ని చాలాసార్లు చేశాను, ఇతరులతోనూ చేయించాను. పద్ధతిగా చేస్తే కష్టమేమీ కాదు.

కావలసినవి: ఉడికించిన స్వీట్ కార్న్ గింజలు, నోట్‌బుక్, పెన్ను, వంటింటి త్రాసు, గోధుమ తవుడు. అంతే. మొక్కజొన్న గింజ పైతొక్కను మన పేగులు అరిగించుకోలేవు. అది పసుపురంగులో అలాగే బయటికి వస్తుంది, మనకు గుర్తు అదే.

బీట్‌రూట్ వద్దు. దాని రంగు కొందరిలో దారిలోనే పోతుంది, కనిపించినవాళ్లకేమో రక్తం పడుతోందని టెన్షన్. బొగ్గు మాత్రలు అసలే వద్దు, రోజూ వేసుకునే మందులను కూడా అవి పీల్చేసుకుంటాయి. నువ్వులైతే వెతుక్కోవాలి. మొక్కజొన్నే వాడండి.

మొదటి వారం మొక్కజొన్నను ఏ రూపంలోనూ ముట్టుకోకండి. తర్వాత, మామూలు తిండి తింటూనే, రెండు స్పూన్ల గింజలను నమలకుండా నీళ్లతో మింగి టైమ్ రాసుకోండి. మింగడం కష్టమైనవాళ్లు, చిన్నపిల్లలు, పేగులకు ఆపరేషన్ అయినవాళ్లు ఇది చేయకూడదు. అక్కడినుంచి ప్రతి మోషన్‌నూ చూడాలి. టార్చి దగ్గర పెట్టుకుంటే మంచిది. పసుపు తొక్క మొదటిసారి కనిపించిన టైమే మన లెక్క. ఒక్క మోషన్ చూడకుండా నీళ్లు కొట్టేశారా, ఆ ప్రయత్నం కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. జాగ్రత్తగా చదవండి.

చాలామందికి మోషన్ రోజుకు ఒక్కసారే, దాదాపు ఒకే వేళకు అవుతుంది. మీకు ఉదయం 6 గంటలకు అవుతుందనుకుందాం. గింజలు మధ్యాహ్నం ఒంటిగంటకు మింగితే మీ నోట్‌బుక్‌లో 17, 41, 65 గంటలు తప్ప మరో అంకె పడే అవకాశమే లేదు. నిజంగా 38 గంటలు పట్టేది పీచు వల్ల 20కి తగ్గినా, రెండుసార్లూ 41 అనే రాస్తారు. తవుడు పనిచేయలేదని పక్కన పెట్టేస్తారు. తప్పు తవుడుది కాదు, కొలతది.

అందుకే పీచు పెంచకముందు మూడుసార్లు కొలవాలి, మూడూ వేరువేరు వేళల్లో: ఒకసారి ఉదయం 8కి, ఒకసారి మధ్యాహ్నం 1కి, ఒకసారి రాత్రి 8కి. పీచు పెంచాక కూడా అవే మూడు వేళలు. ఇందాకటి మనిషికే లెక్క వేస్తే ముందు 46, 41, 58 వస్తాయి, సగటు 48. తర్వాత 22, 41, 34, సగటు 32. ఒంటిగంట కొలతలో దాక్కున్న తేడా సగటులో బయటపడింది. ఒక ప్రయత్నం తాలూకు తొక్కలు పూర్తిగా పోయి, వరసగా రెండు మోషన్లలో కనిపించకపోతేనే తర్వాతిది మింగండి. ఈ రోజుల్లో జ్వరం వచ్చినా, ప్రయాణం పడినా, కొత్తగా యాంటీబయాటిక్ లేదా ఐరన్ మాత్రలు మొదలైనా ఆ కొలత లెక్కలోకి రాదు.

పీచు పెంచడం తేలికే. 100 గ్రాముల తవుడులో 40 గ్రాములకు పైగా పీచు ఉంటుంది కాబట్టి, రోజుకు 12 గ్రాములు కలుపుకుంటే 5 గ్రాముల పీచు పెరిగినట్టు. వారానికి అంతకంటే పెంచకండి. నేను మొదట్లో ఒకేసారి ఎక్కువ వేసుకుని, గ్యాస్‌తో కడుపు డోలులా ఉబ్బి రెండు రాత్రులు నిద్రపోలేదు. తవుడు ముతకదే కొనండి, మెత్తగా పిండి చేసిందానికి కదలిక తెచ్చే గుణం తక్కువ. నీళ్లు బాగా తాగండి. అనుకున్న మోతాదుకు చేరాక రెండు వారాలు ఆగి, అప్పుడు మళ్లీ మూడుసార్లు కొలవండి.

సర్జన్ డెనిస్ బర్కిట్, ఆయన సహచరులు 1972లో ప్రచురించిన కొలతల్లో, పీచు బాగా తినే ఆఫ్రికా గ్రామీణులకు దాదాపు ఒకటిన్నర రోజు పడితే, బ్రిటన్‌వాళ్లకు సుమారు మూడు రోజులు పట్టింది. వాళ్లు ఎక్స్‌రేలో కనిపించే ప్లాస్టిక్ గుళికలు వాడారు. మీకు మొదటి సగటే ఒక రోజు లోపుంటే పెద్ద మార్పు ఆశించకండి. రెండు రోజులు దాటినవాళ్లకే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా కొలతలు ఆపి డాక్టర్‌ను కలవండి.

తవుడు బదులు ఇసబ్‌గోల్‌ను పరీక్షించాలంటే దాని మీదే ఇది కలిపేయకండి. తవుడు మానేసి, రెండు వారాలు మామూలు తిండి తిని, పీచు లేని మూడు కొలతలూ మళ్లీ మొదటినుంచి తీసుకోండి.