ఉప్పుగాలి ఊళ్లో గ్రామఫోను ప్లేట్లు

విశాఖపట్నంలో, మా పెదవాల్తేరు ఇంట్లో బాల్కనీ చువ్వలకి రెండేళ్లకోసారి రంగు వేయించాల్సిందే. లేకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలి ఆరేసిన బట్టల మీద పడుతుంది. ఇనుమునే కొరికేసే గాలి అట్ట కవర్లని వదిలిపెడుతుందా? రికార్డులు దాచడం గురించి విదేశాలవాళ్లు రాసినవి తిరగేస్తే గది 20 డిగ్రీలుండాలి, గాలిలో తేమ 40 శాతం దగ్గర ఉండాలి అంటారు. మనకి వానాకాలంలో తేమ 80 దాటడం మామూలు. రాత్రీపగలూ ఏసీ వేసి పాటలకి పడకగది ఇచ్చేంత స్తోమత నాకు లేదు. అందుకని ఇక్కడ రాసేదంతా ఈ ఊరి గాలిలో, మామూలు ఇంట్లో, నేను చేసి చూసినవే. నాన్న వదిలి వెళ్లిన 110తో మొదలుపెట్టాను, ఇప్పుడు 340 పైన ఉన్నాయి. గీతలు పడి పోయినవి నా దగ్గర తక్కువ. బూజు పట్టి పోయినవే ఎక్కువ.

ముందు చేతిలో ఉన్నదేదో తెలియాలి

పాతవాళ్లకి అన్నీ ప్లేట్లే. హెచ్‌ఎంవీ కంపెనీ గుర్తు మీద, కుక్కబొమ్మ ప్లేట్లు. కానీ అందులో రెండు జాతులున్నాయి. ఒకటి నిమిషానికి 78 చుట్లు తిరిగేది. లక్క, రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసింది. ఎక్కువగా పది అంగుళాలుంటుంది, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. చేతిలో బరువుగా ఉంటుంది, జారితే పెంకులే. రెండోది వినైల్. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ 33⅓ చుట్ల లాంగ్ ప్లే, అంటే ఎల్పీ, తెచ్చింది, మరుసటేడే ఆర్‌సీఏ విక్టర్ ఏడంగుళాల 45 తెచ్చింది. ఇవి కాస్త వంగుతాయి, అంత తేలిగ్గా పగలవు. అంచు మీద గోటితో మెల్లగా తట్టండి. 78 అయితే పింగాణీ పళ్లెంలా మోగుతుంది, ఎల్పీ చప్పగా పలుకుతుంది.

ఈ తేడా పట్టించుకోకుండా నేను చేసిన పని చెప్పాలి. నాన్న దగ్గర ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ ప్లేటు ఒకటుండేది. ఆయన విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసినవారు కాబట్టి ఈ వైపు పాత ఇళ్లలో ఆయన ప్లేట్లంటే దేవుడి గూట్లో పెట్టాల్సిన వస్తువులు. దాని మీద మచ్చలున్నాయని మందులషాపులో స్పిరిట్ కొని, దూదితో తుడిచాను. దూది నల్లగా వచ్చింది. ఎంత మురికి పట్టిందో అనుకుని ఇంకో దూది తీశాను. అదీ నలుపే. నాలుగో దూదికి అనుమానం వచ్చి దీపం కింద పెట్టి చూస్తే, నేను తుడిచినంత మేరా మెరుపు పోయి బూడిదరంగు చార ఉంది. ఆ నలుపు మురికి కాదు, ప్లేటే. వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరగబెట్టే కదా కుర్చీలకి పాలిష్ వేసేది! ఏటికొప్పాక బొమ్మకి పట్టించే లక్కా, ఈ ప్లేటులోని లక్కా ఒకటేనని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ చార దగ్గరికి వచ్చేసరికి వయొలిన్ ఇసకలో నడుస్తున్నట్టుంటుంది.

కాబట్టి 78కి స్పిరిట్, శానిటైజర్, కొలోన్, ఆల్కహాల్ ఉన్నది ఏదీ తగలకూడదు. మెత్తటి బ్రష్‌తో పొడిగా దులపండి. మరీ జిడ్డుగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, గుడ్డ తడిపి గట్టిగా పిండి, గాడి వెంట తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తెయ్యండి. నానబెట్టొద్దు.

కొనేటప్పుడు

ఈ చుట్టుపక్కల ప్లేట్లు రెండు దారుల్లో దొరుకుతాయి. పాతపోస్టాఫీసు వైపో విజయనగరంలోనో పాత ఇల్లు అమ్మేసి పిల్లలు సామాను ఖాళీ చేసేటప్పుడు ఒకటి, తుక్కు కొనేవాళ్ల దగ్గర ఇంకొకటి. మా వీధికొచ్చే తుక్కు బండతనికి నా నంబరు ఇచ్చి ఉంచాను. మొదటిసారి అడిగినప్పుడు, "ఇయ్యేటి సేసుకుంతారమ్మా? మా బుడ్డోలు ఇసురుకుని ఆడుకుంతన్నారు" అన్నాడు. ఆ ఇసురుకోగా మిగిలినవాటిలోంచే బాలమురళిగారి ఎల్పీ ఒకటి ఒక్క గీత లేకుండా దొరికింది. అన్నిటినీ కిలోల లెక్కన కాకుండా ఒక్కోటీ ఇంతని బేరం చేసుకోండి, లేకపోతే పనికిరానివన్నీ కట్టకట్టి ఇచ్చేస్తారు.

చూసే పద్ధతి ఇదీ. కవరు చూసి మురిసిపోకుండా ముందు ప్లేటు బయటికి తియ్యండి. వేళ్లు అంచుకీ మధ్య లేబుల్‌కీ మాత్రమే తగలాలి. కంటి ఎత్తులో పడుకోబెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. తర్వాత ఫోన్ టార్చి ఏటవాలుగా వెయ్యండి. జుట్టు పోగులాంటి సన్నగీతలు పెద్దగా వినపడవు. గోరు ఆడిస్తే తట్టుకునే గీత మాత్రం చుట్టుచుట్టుకీ "టిక్" అంటుంది. నల్లగా మెరవాల్సిన గాడి బూడిదరంగులో మసకగా ఉంటే అరిగిన ముల్లుతో, ప్లేయర్‌లో ఆ ముల్లుని మోసే చెయ్యి మరీ బరువుగా ఉండగా వాయించారన్నమాట. అది ఎంత కడిగినా తిరిగి రాదు. మధ్య బెజ్జం చుట్టూ లేబుల్ మీద తెల్లటి గీరలు ఎన్నుంటే అన్నిసార్లు ప్లేయర్ మీదికి ఎక్కిందని లెక్క. పొద్దున్నే రోజూ పెట్టే భక్తి ఎల్పీలకి ఈ గీరలు తప్పవు. కాబట్టి అలాంటివి శుభ్రంగా దొరికితేనే డబ్బు పెట్టండి, తొందరేం లేదు, మళ్లీ దొరుకుతాయి.

కవరు మీది నంబరూ, లేబుల్ మీది నంబరూ ఒకటేనా చూడండి. హెచ్‌ఎంవీ ఎల్పీల మీద ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నగా మెరిసే ఖాళీ జాగాలో కూడా నంబరు చెక్కి ఉంటుంది. అది ఎందుకు పనికొస్తుందో తర్వాత చెబుతాను.

అమ్మేవాళ్లు వాడే గ్రేడులు మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ, అలా కిందికి దిగుతాయి. వీజీ అంటే 'వెరీ గుడ్' కదా అని ఆశపడకండి. పాటతో పాటు చిటపటలు కూడా వినపడేది వీజీ. వాయించుకోవడానికైతే వీజీ ప్లస్ దాకా చాలు. కవరు మీద పేరు రాసి ఉందని నేను ధర తగ్గించమని అడగను. "చి.ల.సౌ." అని మొదలయ్యే పెళ్లికానుక రాతలున్న కవర్లు నా దగ్గర పదకొండున్నాయి, అవి నాకు ఇంకా ఇష్టం.

ఎల్పీకి స్నానం

కుళాయి నీళ్లు వద్దు, ఆరాక గాడిలో ఉప్పు మిగులుతుంది. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి తెచ్చుకోండి. లీటరు నీళ్లకి 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల గిన్నెల సబ్బు. ఇది వినైల్‌కి మాత్రమే, పైన చెప్పిన కథ గుర్తుంది కదా. శానిటైజర్‌లో గ్లిజరిన్ కలిసి ఉంటుంది, అది పనికిరాదు.

లేబుల్ తడవకూడదు. ఎల్పీ లేబుల్ నాలుగంగుళాలు. మా ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా మూత సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. అంచు లోపల రబ్బరు ఉంది, నొక్కి పట్టుకుంటే చుక్క లోపలికి దిగదు. దాని కోసం వంటింట్లో ఒక డబ్బా మూత లేకుండా బతుకుతోంది. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా ఎప్పుడూ రుద్దకూడదు. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడగండి. సబ్బు మిగిలితే ముల్లుకి తెల్లటి పేస్టులా చుట్టుకుంటుంది. గిన్నెల స్టాండులో పళ్లేలు పెట్టినట్టు నిలబెట్టి ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండలో మాత్రం వద్దు. ఆపి ఉంచిన కారులో మే నెల మధ్యాహ్నం ఒక్క గంట వదిలేసిన ఎల్పీ అప్పడంలా తేలిన సంగతి నాకు తెలుసు. అద్దాల మధ్య పెట్టి బరువులు పెడితే సరవుతుందంటారు. నాకు మూడింటిలో ఒక్కటే సరయింది.

దాచడం

అసలు కష్టమంతా ఇక్కడే. మనవాళ్లకి విలువైనది ఏదైనా బీరువాలో పెట్టి తాళం వెయ్యడం అలవాటు. నాన్న అదే చేశారు. ఇనుప బీరువాలో గాలి ఆడదు, లోపలికి చేరిన తేమ బయటికి పోదు. రెండు వానాకాలాలు తియ్యకపోతే ప్లేటు మీద ముగ్గు చుక్కల్లా తెల్లటి బూజు వస్తుంది. అది ప్లాస్టిక్‌ని తినదు, వేలిముద్రల జిడ్డునీ కాగితాన్నీ పట్టుకుని పెరుగుతుంది. కానీ ఎక్కువకాలం ఉంటే కడిగినా మచ్చ మిగులుతుంది. అందుకే వేళ్లు తగలనివ్వొద్దని అన్నిసార్లు చెబుతున్నాను. బూజు దులిపేటప్పుడు బాల్కనీలోకి వెళ్లి, ముక్కుకి మాస్కు కట్టుకోండి.

నేను చెక్క షెల్ఫు చేయించాను. తలుపుల్లేవు, ముందు నూలుగుడ్డ తెర ఒకటి వేలాడుతుంది. గోడకి నాలుగు వేళ్ల ఎడం, నేలకి అరడుగు ఎత్తు. సముద్రం వైపు గోడకి పెట్టలేదు, పడమటి ఎండ పడే గోడకీ పెట్టలేదు. ఇక మిగిలింది మధ్య గోడ ఒక్కటే, అక్కడున్న టీవీని జరిపించాను. ఇంట్లో దాని గురించి ఇప్పటికీ మాట పడుతూనే ఉన్నాను. పలక మందం 18 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. వంద ఎల్పీలు కవర్లతో కలిపి పాతిక కిలోలకి అటూ ఇటూ తూగుతాయి. ప్లేట్లు పుస్తకాల్లా నిటారుగా నిలబడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పక్కకి వాలకూడదు. అందుకని ప్రతి ఆరంగుళాలకీ ఒక అడ్డు చెక్క పెట్టించాను. వేళ్లు దూరేంత వదులుండాలి, ప్లేట్లు ఒరిగేంత ఉండకూడదు.

లోపలి కవరు పలచటి మంచి పాలిథిన్‌ది మార్చండి. పైకవరుగా మందంగా, మెత్తగా, వాసన వేసే పీవీసీ తొడుగులు వాడొద్దు. వాటిలోంచి ఊరే నూనెలాంటిది వినైల్ మీద పొగమంచులా పట్టేస్తుంది, తుడిస్తే పోదు. లోపలి కవరు నోరు పైకి ఉండేలా తిప్పి పెడితే అట్ట కవరు నోట్లోంచి దుమ్ము దూరదు. కలరా ఉండలు వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. వేపాకు పెట్టమని మా పిన్ని అంటుంది. ఎండాక ఆ పొడి గాడిలో దిగుతుందని చెప్పినా వినదు.

అరకి ఒక గుప్పెడు సిలికా జెల్ సంచి చాలు. నీలం రంగు గుళికలు తేమ తాగి గులాబీ రంగుకి తిరుగుతాయి. వంటకి వాడని పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలం. జులై నుంచి అక్టోబరు దాకా నేను వారానికోసారి వేడిచేస్తాను. దీనికన్నా పెద్ద మందు గాలి. పడమర గాలి వీచి, గుడ్డలు గంటలో ఆరిపోయే రోజు ఒకటి చూసుకుని, తెర తీసి, ముప్పై ప్లేట్లు చొప్పున బయటికి తీసి ఫ్యాను కింద పెట్టండి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగేలోగా లోపల పెట్టేసి కిటికీలు వేసుకోండి.

తడిసిపోతే

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ గాలికి హాల్లో కిటికీ అద్దం పగిలి వాన అడ్డంగా లోపలికి కొట్టింది. అప్పుడు షెల్ఫు నేలకి ఆనుకుని ఉండేది. కింద అరలో అరవై ప్లేట్లు నీళ్లలో. కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. మొదట కవర్లు ఆరబెడదామని కూర్చున్నాను. అది తప్పు. ముందు ప్లేట్లని కవర్లలోంచి లాగెయ్యాలి. తడి అట్ట ఆరుతూ ఆరుతూ లేబుల్‌ని అతుక్కుని, విడదీస్తే అక్షరాలతో సహా ఊడి వస్తుంది. మర్నాటికి తెలివి తెచ్చుకుని ప్లేట్లన్నీ మంచినీళ్లతో తొలిచి, గిన్నెల స్టాండులో, కుర్చీల సందుల్లో, ఎక్కడ నిలబడితే అక్కడ నిలబెట్టాను. కవర్లని నాన్న పాత పంచెల మధ్య పరిచి ఒత్తాను. న్యూస్‌పేపర్లు వాడితే సిరా అంటుకుంటుంది. ఎల్పీలు దాదాపు అన్నీ బతికాయి. 78ల లేబుళ్లు చాలా పోయాయి. ఏ పాట ఎవరిదో తెలియకపోతే ఆ నున్నటి జాగాలో చెక్కిన నంబరే దిక్కయింది. నాన్న నోటుబుక్కులో నంబర్లు రాసి ఉంచారు కాబట్టి సరిపోయింది. మీరూ ఒక జాబితా రాసి, దాన్ని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

వాయించేటప్పుడు, మోసేటప్పుడు

ముల్లు ఒత్తిడి ఎల్పీకి గ్రామున్నర నుంచి రెండు గ్రాములు. వేలెడంత త్రాసు ఒకటి కొనుక్కుంటే సరిగ్గా పెట్టుకోవచ్చు. 78 గాడి వెడల్పు, దానికి ముల్లు వేరే ఉంటుంది. ఎల్పీ ముల్లు ఆ గాడి అడుగున పొర్లి చప్పుడు తప్ప పాట ఇవ్వదు. రోజూ గంట వినేవాళ్లు రెండేళ్లకోసారి ముల్లు మార్చుకుంటే మంచిది. అరిగిన ముల్లు ఒక్కసారి తిరిగినా ప్లేటుకి చేటే.

ఇల్లు మారేటప్పుడు ఎల్పీల్ని చిన్న అట్టపెట్టెల్లో నిలబెట్టి, సందుల్లో పాత తువ్వాళ్లు కుక్కండి. పెట్టెకి నలభైకి మించొద్దు, అడుగు ఊడుతుంది. 78లని ఏ లారీకీ అప్పగించను. ఆటో మాట్లాడుకుని, ఒళ్లో నిలబెట్టి పట్టుకుని, సిరిపురం నుంచి ఇంటిదాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ముందే ఆటో అతనికి చెప్పి మరీ ఎక్కుతాను.