పెద్ద కుటుంబంతో అలాస్కా – రెండో పాఠం: దారి, గదులు, నేల మీద నాలుగు రాత్రులు

మొదటి పాఠంలో రాసుకున్న కాగితం ముందు పెట్టుకోండి. వచ్చేవాళ్ల పేరు, వయసు, ఏ దేశపు పాస్‌పోర్టు, ఏ వీసా, ఆగకుండా ఎంతసేపు నడవగలరు అన్న ఐదు వివరాలూ అందులో ఉండాలి. ఈ పాఠానికి 12 మంది కుటుంబాన్ని తీసుకుందాం. డాలస్‌లో ఉండే అక్క ఇంట్లో నలుగురు, న్యూజెర్సీలో ఉండే తమ్ముడి ఇంట్లో నలుగురు, ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ల అమ్మానాన్న, అక్క అత్తమామలు. పిల్లలు నలుగురికీ 14, 11, 8, 5 ఏళ్లు.

దారి తేల్చేది కెనడా వీసా

అలాస్కా వెళ్లే పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా కింద నడుస్తాయి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఓడ మధ్యలో విదేశీ రేవు తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదు. అందుకే సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే ఓడ కూడా కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుంది. ఒకవైపు ప్రయాణం చేసే ఓడలు కెనడాలోని వాంకూవర్ నుంచి అలాస్కా రేవులైన విట్టియర్‌కో సివార్డ్‌కో వెళ్తాయి, లేదా అక్కడ బయల్దేరి వాంకూవర్‌లో దింపుతాయి.

కాబట్టి ఈ ఓడల్లో ఏ దారిలో వెళ్లినా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంటే సరిపోతుందనుకోవడం, విక్టోరియాలో దిగకుండా ఓడలోనే ఉంటే వీసా అక్కర్లేదనుకోవడం చాలామంది చేసే పొరపాట్లు. ఓడ ఎక్కించుకునేటప్పుడే వీసా చూస్తారు, లేకపోతే అక్కడే ఆపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, కార్డు చేతిలో ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు మాత్రం వీసా కావాలి.

వీసా ఫీజు ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు (వేలిముద్రలు, ఫొటో) 85. ఒకే కుటుంబం వాళ్లు కలిసి ఒకేసారి దరఖాస్తు చేస్తే బయోమెట్రిక్స్ మొత్తం 170 దాటదు. 14 ఏళ్లు నిండని పిల్లలకు, 79 ఏళ్లు దాటినవాళ్లకు వేలిముద్రలు అక్కర్లేదు. పెద్దవాళ్లు అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టవచ్చు. వీసా రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వరు కాబట్టి ప్రయాణానికి కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

తిరిగి అమెరికాలోకి రావడం వేరే సంగతి. హెచ్-1బి స్టాంపింగ్ గడువు తీరినవాళ్లు, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లు లాయర్‌ను అడిగాకే డిపాజిట్ కట్టాలి.

కెనడా వీసా రాకపోతే? అలాస్కా చూసే దారి మూసుకుపోదు. అలాస్కా రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఫెర్రీలు అమెరికా ఓడలే. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ నుంచి కెచికాన్‌కు అవి మధ్యలో ఎక్కడా ఆగకుండా సుమారు 38 గంటల్లో చేరతాయి. లేదా నేరుగా ఆంకరేజ్‌కు విమానంలో వెళ్లి, విట్టియర్ నుంచో సివార్డ్ నుంచో పగటిపూట పడవ యాత్ర చేస్తే మంచుకొండలు సముద్రంలో విరిగిపడే చోటు కనిపిస్తుంది. ఈ రెండో పథకాన్ని ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి. వీసా అందరికీ వచ్చేదాకా తిరిగి ఇచ్చే డిపాజిట్ ఉన్న టికెట్టే తీసుకోండి. తిరిగి ఇవ్వని డిపాజిట్ రేటు కాస్త తక్కువ కనిపిస్తుంది గానీ, ఒక్కరి వీసా ఆగితే ఆ మిగులుకు ఎన్నో రెట్లు పోతుంది.

తేదీలు

సీజన్ ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు మొదట్లో ముగుస్తుంది. మే, సెప్టెంబరు చవక, జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి దాకా ఖరీదు. మన 12 మందికి చిక్కు బడి సెలవుల్లోనే ఉంది. డాలస్‌లో బళ్లు మే చివరికి మూస్తారు, ఆగస్టు మధ్యలో తెరుస్తారు. న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాకా నడుస్తాయి, సెప్టెంబరులో తెరుస్తారు. రెండిళ్ల పిల్లలకూ సెలవులుండే రోజులే ఓడ ధర మండిపోయే రోజులు. న్యూజెర్సీ పిల్లలు జూన్ మొదట్లో కొన్ని రోజులు బడి మానగలిగితే పన్నెండు టికెట్ల మీద మిగిలేది తక్కువేం కాదు. టీచర్‌తో ముందే మాట్లాడి చూడండి.

చవక కదా అని మే మొదటి వారం పట్టుకోకండి. అలాస్కా లోపలి భాగంలో ఉన్న డెనాలి జాతీయ పార్కు బస్సులు మే 20 ప్రాంతంలోనే మొదలవుతాయి. ఓడ మాత్రమే అయితే మే మొదట్లో ఇబ్బంది లేదు. ఆగ్నేయ అలాస్కాలో వాన తక్కువ పడే నెల కూడా అదే. నేల మీద యాత్ర, అంటే ఓడతో పాటు ఆంకరేజ్, డెనాలి కూడా తిరగడం, కలపాలంటే మాత్రం మే చివరి నుంచి సెప్టెంబరు తొలి పది రోజుల దాకానే చూడాలి.

ముందు నేల, తర్వాత నీళ్లు

నేల యాత్ర కలుపుతున్నారంటే సియాటిల్ రానుపోను ఓడ కుదరదు, ఆంకరేజ్‌కు మళ్లీ విడిగా రానుపోను విమాన టికెట్లు కొనాలి. ఒకవైపు ఓడే సరైనది. అందులోనూ ఆంకరేజ్‌లో దిగి, నేల మీద తిరిగి, ఆ తర్వాత ఓడెక్కి వాంకూవర్‌లో దిగే పద్ధతి పెద్ద కుటుంబానికి మేలు. విమానం ఆలస్యమైతే ఒక రాత్రి హోటల్ పోతుంది గానీ ఓడ తప్పిపోదు. కార్లలో తిరిగే అలసటంతా ముందే అయిపోతుంది, ఆ తర్వాత ఏడు రోజులు వంట లేదు, సామాను సర్దే పని లేదు. పెద్దవాళ్ల మోకాళ్లు ఈ వరుసకు కృతజ్ఞత చెబుతాయి.

విమాన టికెట్లు వెళ్లేటప్పుడు ఆంకరేజ్‌కు, వచ్చేటప్పుడు వాంకూవర్ నుంచి, రెండూ ఒకే టికెట్‌లో వెతకండి. విడివిడిగా రెండు సింగిల్ టికెట్లు కొనే ముందు ఈ ధరతో పోల్చండి.

గదుల లెక్క

ప్రకటనలో కనిపించే ధర, గదిలో ఇద్దరుంటే ఒక్కరికి. అదే గదిలో మూడో, నాలుగో మనిషికి ధర తగ్గుతుంది. పన్నులు, రేవు రుసుములు, రోజువారీ టిప్పులు మాత్రం ఐదేళ్ల పాపకు కూడా పెద్దవాళ్లతో సమానంగా పడతాయి. ఈ మూడూ కలపకుండా రెండు ఓడలను పోల్చకూడదు.

ఒక లెక్క చేద్దాం. అంకెలు సాధన కోసం వేసుకున్నవి, మీకు కంపెనీ ఇచ్చే కోట్‌లో (ధర వివరాల్లో) వచ్చినవి ఆ స్థానంలో పెట్టుకోండి. ఏడు రాత్రులు, పన్నులు తలకు 250 డాలర్లు, టిప్పులు రోజుకు తలకు 17.

నలుగురికి ఒకే బాల్కనీ గది: మొదటి ఇద్దరికి 1,100 చొప్పున 2,200, తర్వాతి ఇద్దరికి 500 చొప్పున 1,000. పన్నులు 1,000, టిప్పులు 476. మొత్తం 4,676.

అదే నలుగురికి పక్కపక్కన రెండు లోపలి గదులు: 700 చొప్పున నలుగురికి 2,800. పన్నులు, టిప్పులు అవే 1,476. మొత్తం 4,276.

ఈ ధరల దగ్గర రెండు గదులే 400 డాలర్లు చవక, పైగా బాత్రూములు రెండు. పొద్దున ఎనిమిదింటికి రేవులో దిగాల్సిన రోజు నలుగురికి ఒకే బాత్రూము అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే ‘నలుగురి గది ఎప్పుడూ చవకే’ అన్న మాట నమ్మకుండా రెండు కోట్‌లూ అడగండి. మంచుకొండ దగ్గరికి వెళ్లినప్పుడు కెప్టెన్ ఓడను నెమ్మదిగా తిప్పుతాడు, పైడెక్ నుంచి అందరికీ కనిపిస్తుంది. బాల్కనీ కొనేటట్లయితే పెద్దవాళ్ల గదుల్లో ఒకదానికి కొనండి. చలిలో పైకి ఎక్కలేనివాళ్లు అక్కడ కూర్చుని చూస్తారు, మిగతావాళ్లూ వంతులవారీగా వస్తారు.

మన కుటుంబానికి ఆరు గదులు పడతాయి: అమ్మానాన్నకు ఒకటి, అత్తమామలకు ఒకటి, రెండిళ్లకూ రెండేసి. ఇక్కడ నాలుగు చోట్ల తప్పులు జరుగుతాయి.

మూడో, నాలుగో పడక సాధారణంగా గోడ నుంచో పైకప్పు నుంచో దిగే మంచం, నిచ్చెన ఎక్కాలి. నానమ్మను పిల్లలతో కలిపి ఒకే గదిలో వేసే ముందు ఏ పడక ఎవరిదో తేల్చండి.

‘గ్యారంటీ’ గది చవక. కానీ గది నంబరు కంపెనీ ఇష్టం, అక్క మూడో అంతస్తులో, పిల్లలు తొమ్మిదిలో పడవచ్చు. పెద్ద కుటుంబం అది కొనకూడదు.

బుకింగ్‌లో పిల్లల గదికి కూడా పెద్దవాళ్ల పేరు ఉండాలని చాలా కంపెనీల నియమం. ప్రతి గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల అన్నట్టు రాయించి, ఎక్కాక మీకు నచ్చినట్టు పడుకోవచ్చు. ఇది ఏజెంట్‌కు చెప్పే చేయించండి.

ఆరు బుకింగ్‌లనూ ఒకదానికొకటి లింక్ చేయించండి. లేకపోతే భోజనాల గదిలో ఆరు బల్లలకు చెదిరిపోతారు.

ఇంకో రెండు జంటలు కలిసి 16 మంది, ఎనిమిది గదులు అయితే గ్రూప్ రేటు అడగండి. చాలా కంపెనీలు గ్రూపుగా లెక్కించేది అక్కడి నుంచే.

బుక్ చేసే సమయం పది నుంచి పన్నెండు నెలల ముందు. పక్కపక్క గదులు, నలుగురి గదులు త్వరగా అయిపోతాయి. పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు చాలా కంపెనీల్లో బయల్దేరడానికి సుమారు 90 రోజుల ముందు వస్తుంది. ఆ గడువు దాకా వారానికోసారి అదే గది ధర చూసి, తగ్గితే తగ్గిన ధరకు మార్చమని అడగండి. ఈ పని పిల్లల్లో పెద్దవాడికి అప్పజెప్పవచ్చు.

తిండి సంగతి క్లుప్తంగా. పెద్ద ఓడల్లో భారతీయ శాకాహారం చాలాచోట్ల దొరుకుతుంది, కానీ బుకింగ్‌లో రాయించాలి, ఎక్కిన రోజే భోజనశాల మేనేజర్‌కు మళ్లీ చెప్పాలి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ ఓడలోకి రానివ్వరు. ఇంట్లో చేసిన పులిహోర కూడా రానివ్వరు. సీల్ తీయని పొడులు, పచ్చళ్ల ప్యాకెట్లు సర్దుకోండి.

నేల మీద నాలుగు రాత్రులు

ఓడ కంపెనీలే అమ్మే నేల యాత్ర ప్యాకేజీ ధర తలకు లెక్క. సొంతంగా చేసుకుంటే ఖర్చు కారుకు, ఇంటికి లెక్క. మనుషులు పెరిగేకొద్దీ సొంత ఏర్పాటు చవకవుతుంది, 12 మందికి తేడా బాగా తెలుస్తుంది. రైలు దారి అందమైనదే, కాదనలేం. ఆంకరేజ్ నుంచి డెనాలికి ఏడున్నర గంటలు. పెద్దల టికెట్ ఒకవైపుకే వంద డాలర్లు దాటుతుంది కాబట్టి 12 మందికి రానుపోను అంటే రెండు మినీవ్యాన్ల అద్దె, పెట్రోలు కలిపినదానికంటే ఎక్కువే అవుతుంది. రైలెక్కాలని పెద్దవాళ్లకు ఉంటే చివరిరోజు ఆంకరేజ్ నుంచి రేవుకు వెళ్లేటప్పుడు ఎక్కించండి.

పన్నెండు సీట్ల వ్యాన్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు, దొరకడం కష్టం. ఏడు సీట్ల మినీవ్యాన్లు రెండు, ఒక్కోదానికి ఇద్దరేసి డ్రైవర్లు. వేసవిలో ఆంకరేజ్‌లో కార్ల కొరత ఉంటుంది, ఓడ బుక్ చేసిన వారంలోనే అవీ బుక్ చేయండి. తీసుకునేదీ ఇచ్చేదీ ఆంకరేజ్‌లోనే. మరో ఊళ్లో ఇస్తామంటే అదనపు రుసుము భారీగా పడుతుంది. ఏడుగురు కూర్చున్న వ్యాన్‌లో ఏడు పెద్ద పెట్టెలు పట్టవు. ఆరుగురికి నాలుగు పెట్టెలు అన్న లెక్కన సర్దండి.

మొదటి రోజు ఆంకరేజ్ చేరి పడుకోవడమే. జూన్‌లో రాత్రి పదకొండుకు కూడా వెలుతురుంటుంది. కళ్లకు కట్టుకునే గంతలు లేకపోతే పిల్లలు నిద్రపోరు.

రెండో రోజు పొద్దున ఆంకరేజ్‌లోనే బియ్యం, పెరుగు, కూరగాయలు, పాలు కొనేయండి. పైకి వెళ్లేకొద్దీ కొట్లు చిన్నవి, ధరలు పెద్దవి. డెనాలి పార్కు ద్వారం 237 మైళ్లు. నాలుగున్నర గంటల దారి అనుకున్నా, పిల్లలు, పెద్దవాళ్లతో ఏడు గంటలు వేసుకోండి. దారిలో టాల్కీట్నాలో భోజనానికి ఆగండి, మబ్బు లేకపోతే డెనాలి శిఖరం అక్కడి నుంచే కనిపిస్తుంది. 20,310 అడుగుల ఆ శిఖరం వచ్చినవాళ్లలో మూడోవంతు మందికే కనిపిస్తుందంటారు. అందుకే అక్కడ రెండు రాత్రులు. పార్కు ద్వారం దగ్గరి హోటళ్లకంటే 11 మైళ్లు ఉత్తరాన ఉన్న హీలీలో వంటగది ఉన్న ఇల్లు చూడండి.

మూడో రోజు పార్కు. లోపలి రోడ్డు 92 మైళ్లు, సొంత కారు మొదటి 15 మైళ్ల దాకానే పోనిస్తారు. ఆ పైన బస్సు. 2021 ఆగస్టులో ప్రెట్టీ రాక్స్ దగ్గర కొండచరియ జారడంతో 43వ మైలు దగ్గర రోడ్డు మూసి, అక్కడ వంతెన పని చేపట్టారు. మీరు వెళ్లే ఏడాది బస్సు ఎంతదాకా పోతుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. గైడ్ వివరణతో నడిచే టూర్ బస్సు ఖరీదైనది, వివరణ లేని ట్రాన్సిట్ బస్సు చవక. ట్రాన్సిట్‌లో 15 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితం, కాబట్టి మన 12 మందిలో ఎనిమిదిమందికే టికెట్. ఎలుగుబంటి కనిపిస్తే ఆ బస్సూ ఆగుతుంది. లోపల తిండి అమ్మరు, చపాతీలు, మంచినీళ్లు కట్టుకెళ్లండి. దోమల మందు మర్చిపోవద్దు.

నాలుగో రోజు ఆంకరేజ్ తిరిగి వచ్చి, బట్టలు ఉతుక్కుని, వ్యాన్లు అప్పగించేయండి. ఐదో రోజు ఓడ రేవుకు బస్సో రైలో. విట్టియర్ సుమారు 60 మైళ్లే గానీ మధ్యలో రెండున్నర మైళ్ల సొరంగం ఉంది. ఒకే వరుస, కార్లూ రైళ్లూ అందులోంచే వంతులవారీగా వెళ్లాలి. విట్టియర్ వైపు వంతు గంటకోసారి, అరగంట కొట్టినప్పుడు. అది తప్పితే మరో గంట ఆగాలి. సివార్డ్ 127 మైళ్లు, సముద్రం పక్కన దారి, సొరంగం గొడవ లేదు.

ఇంటిపని

1. మీ జాబితాలో కెనడా వీసా కావలసినవాళ్ల పేర్ల కింద గీత గీయండి, ఫీజు మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టండి.
2. ఒకే ఓడకు, ఒకే తేదీకి రెండు రకాల గదుల అమరిక వేసి, పన్నులు, టిప్పులు కలిపిన మొత్తాలు పక్కపక్కన రాయండి.
3. ఆంకరేజ్‌లో రెండు మినీవ్యాన్లకు నాలుగు రోజుల ధర, హీలీలో ఇంటికి రెండు రాత్రుల ధర చూసి, 12తో భాగించండి. ఓడ కంపెనీ నేల యాత్ర ధర పక్కన పెట్టండి.

మూడో పాఠంలో జూనో, స్కాగ్వే, కెచికాన్ రేవుల్లో ఓడ అమ్మే టూర్లు కొనకుండా ఊరి బస్సులతో రోజు గడపడం, పెద్దవాళ్లకు ఓడ మీదా కెనడాలోనూ పనికొచ్చే వైద్య బీమా ఎంచుకోవడం నేర్చుకుందాం. బీమాలో ఒక్క విషయం ఆగదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం: పాత జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమా కావాలంటే చాలా పాలసీల్లో మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపే కొనాలి. డిపాజిట్ తేదీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.