ఎండాకాలంలో కీమో: నడకకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంట్లో ఒకరికి కీమో (క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్స) మొదలైందంటే చుట్టూ ఉన్నవారంతా "కదలకుండా పడుకో" అనే చెబుతారు. అది ప్రేమతో చెప్పే మాటే గాని, వారాల తరబడి మంచానికే పరిమితమైతే కండరాలు క్షీణించి, నీరసం తగ్గకపోగా మరింత పెరుగుతుంది. నయమయ్యే అవకాశమున్న క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారికి వ్యాయామం సూచించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో కాసే ఎండకు ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు నడవాలో వైద్యులతో మాట్లాడి ముందే నిర్ణయించుకోవాలి.

మొదట చూడవలసినది సీబీపీ, అంటే రక్తకణాల లెక్క తెలిపే రక్తపరీక్ష రిపోర్టు. హిమోగ్లోబిన్ 8 గ్రాముల కంటే, ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే వైద్యులను అడగకుండా వ్యాయామం చేయకూడదు. చాలా రకాల కీమోలలో మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఇన్ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి కనుక, ఆ రోజుల్లో జనం తిరిగే పార్కులు, గుళ్లు, సంతలు మాని వరండాలోనే నడవడం మేలు.

నడకకు తెల్లవారుజామే మంచిది. సాయంత్రం డాబా మీద చల్లగాలి వీస్తున్నట్టే ఉన్నా, పగలంతా కాగిన శ్లాబు రాత్రి వరకూ వేడిని వదులుతూనే ఉంటుంది. వాంతులు, విరేచనాలు అవుతున్నా, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా ఆ రోజు నడక మానేసి వైద్యులకు చెప్పాలి.

పాదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి మందులతో అరికాళ్లు మొద్దుబారినవారికి హవాయి చెప్పు జారిపోయినా తెలియదు, కాలే నేల మీద అడుగుపెట్టి బొబ్బ లేచినా తెలియదు. అందుకే మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. ఇంటికి రాగానే అరికాళ్లను వేరొకరి చేత చూపించుకోవాలి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తరువాత కొన్ని రోజులపాటు, నడిచి వచ్చి దాహంతో ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆడనట్టు భయపెడుతుంది. కుండ నీళ్లు కూడా చల్లగా ఉంటాయి కనుక, మామూలు నీళ్లే తాగాలి.

ఎముకలకు వ్యాధి పాకినవారు వంగడం, నీళ్ల బిందెలు ఎత్తడం వంటివి వైద్యుల అనుమతి లేకుండా చేయరాదు.

పది నిమిషాలతో మొదలుపెట్టి, పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగంలోనే, ఒంటరిగా కాక తోడుతో నడవాలి. వారానికి మూడు సార్లు, అరగంట చొప్పున నడవగలిగితే చాలా మంచిది. చేతకాని రోజున అయిదు నిమిషాలు చాలు. ఛాతీలో నొప్పి, గుండెదడ, ఆయాసం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగిపోయి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఎర్ర మందుగా పిలిచే డాక్సోరూబిసిన్ గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి, అది తీసుకుంటున్నవారు ఈ లక్షణాలను ఎంతమాత్రం ఉపేక్షించకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం జ్వరం. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ, అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే, ఎండకు వేడి చేసిందనుకుని పారాసిటమాల్ మింగి తెల్లవారే వరకూ ఆగకుండా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లి, చివరి కీమో ఏ తేదీన ఎక్కించారో అక్కడి డ్యూటీ డాక్టరుకు ముందుగా చెప్పాలి.