డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చిన డిజైనర్ అమ్మలకు

భర్తకి స్కిల్డ్ వర్కర్ వీసా, మనకి డిపెండెంట్ వీసా, చంకలో పసిబిడ్డ. ఇలా దిగినవాళ్లు ముందు అడిగేది, పని చేయొచ్చా అని. చేయొచ్చు. ఉద్యోగమే కాదు, సొంతంగా చిన్న వ్యాపారమూ పెట్టుకోవచ్చు. ప్రొఫెషనల్ క్రీడాకారిణిగానో కోచ్‌గానో మాత్రం పనిచేయకూడదు, దాంతో మనకెలాగూ పేచీ లేదు. ఉద్యోగమిచ్చేవాళ్లు షేర్ కోడ్ (మనకి పనిచేసే హక్కుందని ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్) అడుగుతారు. ఈవీసా (ఆన్‌లైన్ వీసా) ఖాతాలోంచి మీరే తీసుకోవచ్చు, 90 రోజులు చెల్లుతుంది.

చిక్కంతా పిల్లల దగ్గరే. మా అమ్మాయిని నర్సరీలో వేస్తే నాకొచ్చే జీతం ఫీజుకే సరిపోయేలా ఉందని లెక్క తేలింది. మూడేళ్లు నిండాక వచ్చే టర్మ్ నుంచి మాత్రం వారానికి 15 గంటలు, ఏడాదికి 38 వారాలు ఉచితం. మన వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వమిచ్చే కొన్ని భత్యాలు, సాయాలు) లేవని రాసి ఉన్నా ఇది ఇస్తారు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలు వేరు, దంపతులిద్దరికీ పబ్లిక్ ఫండ్స్ లేవన్న షరతు ఉంటే అవి రావు. చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పేర ప్రభుత్వమిచ్చే భత్యం) పబ్లిక్ ఫండ్ కిందికే వస్తుంది, ఎవరేం చెప్పినా దరఖాస్తు పెట్టకండి. నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ క్లాసు (బడిలో మొదటి తరగతి కంటే ముందుది), దానికి దరఖాస్తు గడువు ఆ ఏడాది జనవరి 15.

ఉద్యోగం దొరికేలోగా మనలో చాలామంది చేతిపని పట్టుకుంటాం. మంచిదే, అమ్మే ముందు రూల్స్ చదవండి. నేను చీరముక్కలతో గుడ్డ ఏనుగులు కుట్టేదాన్ని. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన వస్తువు ఏదైనా ఇక్కడ చట్టం దృష్టిలో ఆటబొమ్మే. సీఈ గానీ యూకేసీఏ గానీ గుర్తు (భద్రతా నియమాలు పాటించామని చెప్పేవి), తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు ఉండాలి. ‘మూడేళ్లలోపు వారికి కాదు’ అని చీటీ కుట్టి తప్పించుకుందామంటే కుదరదు. హత్తుకుని పడుకునే మెత్తటి బొమ్మని పసిపిల్లల బొమ్మగానే లెక్కేస్తారు. అందుకే గుండీ కళ్ల జోలికి పోకుండా దారంతోనే కళ్లు కుట్టాను. చెవి దగ్గర రెండు వరసల కుట్టు వేసి, గట్టిగా లాగి చూసి, ఊడితే విప్పి మళ్లీ కుట్టి, ఏ దారం నిలిచిందో రాసుకునేదాన్ని. బొమ్మల భద్రతకి సంబంధించిన ఈఎన్ 71 ప్రమాణాల ప్రకారం చేసిన పరీక్షల కాగితాలన్నీ ఫైలు చేసి పదేళ్లు దాచాలి. కుట్టడంలో లేని విసుగు ఈ ఫైలు దగ్గరే వస్తుంది.

స్టాల్ పెట్టాలంటే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల ఇతరులకి దెబ్బ తగిలినా నష్టం జరిగినా ఆదుకునే బీమా) అడగడం మామూలే. ఇక పన్ను: ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా అమ్మకాలు (లాభం కాదు, మొత్తం అమ్మకాలు) 1,000 పౌండ్లు దాటితే, ఆపై వచ్చే అక్టోబరు 5లోగా సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి (మన ఆదాయం లెక్క మనమే పన్ను శాఖకి చూపే పద్ధతి) నమోదు చేసుకోవాలి.

లండన్ అందుబాటులో ఉంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వీ అండ్ ఏ) మ్యూజియం వాళ్ల గోదాము, వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్‌కి వెళ్లండి. 2025 మేలో తెరిచారు. గోదాములోని వస్తువుల్లో ఐదింటి వరకు ముందుగా బుక్ చేసుకుంటే బల్ల మీద పెట్టి చూపిస్తారు, ఉచితంగానే. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఆ మ్యూజియం సేకరణలో బోలెడు. కలంతో గీసిన గీత దగ్గర్నుంచి ఎలా ఉంటుందో చూడడం కంప్యూటర్ తెర మీద అయ్యే పని కాదు. పిల్లల్ని తిప్పడానికి బెత్నల్ గ్రీన్‌లో యంగ్ వీ అండ్ ఏ ఉంది, దానికీ టికెట్ లేదు.

నేను ప్యాకేజింగ్ డిజైన్ వదిలి యూఎక్స్‌లోకి (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకి సులువుగా ఉండేలా తీర్చే డిజైన్) మారినప్పుడు అక్కరకొచ్చింది ఆ విసుగు ఫైలే. ఎవరి కోసం చేశాం, ఎక్కడ తెగింది, ఏం మార్చాం, మళ్లీ పరీక్షిస్తే ఏమైంది... యూఎక్స్ కేస్ స్టడీలో అడిగేవి సరిగ్గా ఇవే. పోర్ట్‌ఫోలియోలో ఏనుగుని మొదటి పేజీలో పెట్టాను. ఇంటర్వ్యూలో నా పాత డబ్బాల డిజైన్లని ఒక చూపు చూసి తిప్పేశారు, చెవి కుట్టు మీద మాత్రం చర్చ చాలాసేపు నడిచింది. కాబట్టి మీరు ఏం చేస్తున్నా, కుట్టయినా మట్టిపనయినా, చెడిపోయిన నమూనాల ఫొటోలు కూడా తేదీ వేసి దాచుకోండి. అందంగా వచ్చినవే చూపిస్తే ఎవరూ ప్రశ్న అడగరు.

సీవీలో ఇంటిపట్టున ఉన్న ఏళ్లని దాచకండి, ‘పిల్లల పెంపకం, బొమ్మల తయారీ’ అని నెల, ఏడాదితో సహా ఒక వరసలో రాసేయండి. రెండు పేజీలు దాటనివ్వొద్దు. ఫొటో, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా అన్నవి ఇక్కడ రాయరు. పోర్ట్‌ఫోలియో లింకు మీ పేరు కిందే ఉండాలి.